అమ్మానాన్నల తరవాత మా అన్నయ్య సంగతేమిటి?

ప్రశ్న: మా అన్నయ్యకు 32 ఏళ్లు. పుట్టినప్పటి నుంచీ మేధోవైకల్యం ఉంది. చిన్నప్పుడు పరీక్ష చేసి ఐక్యూ 45 అని కాగితం ఇచ్చారు. మాట్లాడతాడు గానీ అన్నీ చిన్న చిన్న మాటలు, కొత్తవాళ్లకు సగమే అర్థమవుతాయి. 18 ఏళ్లు వచ్చాక స్పెషల్ స్కూలు అయిపోయింది. అప్పటి నుంచి ఇంట్లోనే ఉంటున్నాడు. స్నానం దగ్గర్నుంచి చొక్కా గుండీల దాకా అన్నీ అమ్మే చేస్తుంది. టీవీ చూడటం, పడుకోవడం, చీకటి పడగానే ఇంట్లో తలుపులన్నీ గడియ పడ్డాయో లేదో ఒక్కొక్కటీ లాగి చూడటం, ఇదే అతని రోజు. నాన్నకు 70 దాటాయి. అమ్మకు మోకాళ్లు సహకరించడం లేదు. ఈమధ్య అన్నయ్య చెంప మీద కొట్టుకుంటున్నాడు, ఊరికే విసుక్కుంటున్నాడు. నాన్న "మా తరవాత నువ్వే చూడాలమ్మా" అంటారు. నాకు ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. మావారు కాదనరు, అలాగని ఔననీ అనరు. బంధువులు ఏదైనా హోమ్‌లో చేర్పించండి అంటున్నారు. ఆ మాటెత్తితే అమ్మ ఏడుస్తుంది. ఇలాంటివాళ్లకు కమ్యూనిటీ సపోర్ట్ సర్వీసులు ఉంటాయని విన్నాను. అవేమిటి? మా అన్నయ్యకు పనికొస్తాయా? తనను హోమ్‌లో పెట్టాలా, నా దగ్గర పెట్టుకోవాలా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. (పేరు వద్దు)

జవాబు: మిగతా సంగతులన్నీ తరవాత మాట్లాడుకుందాం. ముందు మీ అన్నయ్యను పళ్ల డాక్టరుకు చూపించండి. చెవులు కూడా చూపించండి.

ఉత్తరంలో ఆ సంగతి ఒక్క ముక్కలో రాసి వదిలేశారు గానీ నా దృష్టి అక్కడే ఆగిపోయింది. ఇన్నేళ్లుగా లేనిది ఇప్పుడు చెంప మీద కొట్టుకోవడం ఎందుకు మొదలైంది? నొప్పి అని నోటితో చెప్పలేని మనిషి చాలాసార్లు ఆ నొప్పి ఉన్నచోటే కొట్టుకుంటారు. పన్ను పుచ్చి ఉండొచ్చు, చెవిలో చీము పట్టి ఉండొచ్చు. రోజుల తరబడి మలబద్ధకం ఉన్నా, థైరాయిడ్ తేడా చేసినా, కొత్తగా మొదలుపెట్టిన మందు పడకపోయినా ఈ విసుగు రావచ్చు. ఇంటివాళ్లే కాదు, డాక్టర్లు కూడా "వీళ్లంతే లెండి" అని పంపించేస్తుంటారు. వైకల్యం కళ్లెదుట కనపడుతుంటే దాని పక్కన ఉన్న మామూలు జబ్బు కనపడకుండా పోతుంది. దీన్ని వైద్యంలో డయాగ్నస్టిక్ ఓవర్‌షాడోయింగ్ అంటారు. 1982లో స్టీవెన్ రీస్ అనే అమెరికన్ సైకాలజిస్టు, ఆయన తోటివాళ్లు దీనికి ఆ పేరు పెట్టారు. మలబద్ధకాన్ని చిన్న విషయం అనుకోకండి, పట్టించుకోకపోవడం వల్ల ప్రాణం మీదికి వచ్చినవాళ్లున్నారు.

డాక్టరు దగ్గర "వీడి ప్రవర్తన బాగాలేదు" అని మొదలుపెట్టకండి. ఆ మాట వింటే మత్తు మందు రాసి పంపేసే అవకాశం ఉంది. ఎప్పటి నుంచి, ఏ చెంప మీద, తినేటప్పుడా పడుకునేటప్పుడా, నిద్ర ఎలా ఉంది, విరేచనం ఎప్పుడు అయింది, ఇవి ఒక వారం రాసుకుని ఆ కాగితం చేతికివ్వండి. మీ అన్నయ్యది డౌన్ సిండ్రోమా కాదా అన్నది మీరు రాయలేదు. ఒకవేళ అదే అయితే థైరాయిడ్, చూపు, వినికిడి ఎప్పటికప్పుడు పరీక్ష చేయిస్తూనే ఉండాలి. వాళ్లలో అల్జీమర్స్ మిగతావాళ్లకంటే చాలా ముందుగా, 40లు 50లలోనే కనిపించడం మామూలు. నొప్పీ జబ్బూ ఏమీ లేవని తేలాక మిగతా కారణాలు వెతకొచ్చు. పొద్దస్తమానం చేయడానికి పనేమీ లేకపోవడం కూడా అందులో ఒకటి.

ఇక మీ అసలు ప్రశ్న. హోమా, మీ ఇల్లా అని రెండు చెప్పి ఒకటి ఎంచుకోమన్నారు. ఇప్పుడే ఆ ఎంపిక చేయొద్దంటాను. మనిషిని ఎక్కడ పెట్టాలి అన్న దగ్గర మొదలుపెడితే ఏ కుటుంబానికీ సరైన జవాబు దొరకదు. ఎందుకంటే మీ అన్నయ్యకు ఏ పనిలో, ఏ సమయంలో, ఎంత సాయం కావాలో మీ ఇంట్లో ఇప్పటిదాకా ఎవరూ లెక్కేయలేదు. అన్నీ అమ్మ చేతుల మీదుగా జరిగిపోతున్నాయి. అందుకే మీ ముగ్గురికీ ఆ భారం విడదీయలేని ఒకే పెద్ద ముద్దలా కనిపిస్తోంది. "24 గంటలూ చూసుకోవాలి" అని భయపడుతున్నారు. ఆ 24 గంటల్లో ఆయన నిద్రపోయేవి ఎన్ని? పక్కన మనిషి ఉంటే చాలు, ఏమీ చేయనక్కర్లేని గంటలెన్ని? చెయ్యి పెట్టి సాయం చేయాల్సిన నిమిషాలెన్ని?

ఒక కాగితం తీసుకుని పొద్దున లేచిన దగ్గర్నుంచి రాత్రి పడుకునే దాకా ఆయన పనులన్నీ వరసగా రాయండి. పళ్లు తోముకోవడం, స్నానం, బట్టలు, భోజనం, మందులు, బయటికెళ్లడం, డబ్బు, ఫోను, అన్నీ. ఒక్కోదాని పక్కన ఈ నాలుగింటిలో ఏది కావాలో రాయండి: ఊరికే కనిపెట్టుకుని ఉంటే చాలా, నోటితోనో సైగతోనో గుర్తుచేయాలా, కొంచెం చెయ్యి వేయాలా, మొత్తం మనమే చేయాలా. అది రోజూ కావాలా, వారానికి ఒకసారా, ప్రతిసారీ ఎంతసేపు పడుతుంది, అది కూడా. ఇది నా సొంత కవిత్వం కాదు. అమెరికాలో ఈ రంగంలో పాత సంస్థ అయిన ఏఏఐడీడీ 2004లో సపోర్ట్స్ ఇంటెన్సిటీ స్కేల్ అని ఒకటి తెచ్చింది. ఎంత తరచుగా, ఎంతసేపు, ఏ రకం సాయం అన్న మూడే అందులో కొలుస్తారు. మనిషిలో ఏం లోపముందని అడగదు, ఏ సాయం ఉంటే ఈ పని జరుగుతుందని అడుగుతుంది. పద్ధతిగా చేయాలంటే శిక్షణ ఉన్నవాళ్లే చేయాలి గానీ ఇంటి లెక్కకు మీ కాగితం చాలు.

చిన్నప్పటి ఐక్యూ కాగితం మాత్రం సర్టిఫికెట్లకు తప్ప బయటికి తీయకండి. అమెరికా మానసిక వైద్యులు జబ్బుల నిర్ధారణకు వాడే పుస్తకం డీఎస్ఎమ్-5 (2013) లోనే వైకల్యం తీవ్రతను ఐక్యూ అంకెను బట్టి కాకుండా రోజువారీ పనులు ఎంతవరకు నడుపుకోగలరన్న దాన్ని బట్టి చెప్పాలని మార్చారు. 45 అన్న అంకె మీ అన్నయ్యకు స్నానంలో ఏం సాయం కావాలో చెప్పదు.

ఆ కాగితం చేతిలో ఉంటే మీరు విన్న సర్వీసులు వాటంతటవే అర్థమవుతాయి. పగటి గంటలకు డే సెంటరు, లేదా పక్కన ఉండి పని నేర్పే జాబ్ కోచ్ సాయంతో ఉద్యోగం. పొద్దునా సాయంత్రం ఇంటికొచ్చి స్నానం, బట్టల దగ్గర సాయం చేసే సహాయకులు. ఇంటివాళ్లకు కాస్త ఊపిరి తీసుకునే వీలు కోసం కొన్ని గంటలో కొన్ని రోజులో చూసుకునే రెస్పైట్ కేర్. మాట, నడక, ప్రవర్తనల కోసం థెరపిస్టులు. సొంత గదిలోనో ఇంట్లోనో ఉంటూ కావలసినంత మేరకే సాయం అందుకునే సపోర్టెడ్ లివింగ్. నలుగురైదుగురు కలిసి ఉండే గ్రూప్ హోమ్. డబ్బు, వైద్యం లాంటి విషయాల్లో నిర్ణయం తీసుకోవడానికి పక్కన నిలబడే ఏర్పాటు. ఇవన్నీ మీకు అందుబాటులో ఉంటాయని నేను మాటివ్వలేను. ఒక్కోచోట ఒకటి ఉంటే ఒకటి ఉండదు. అయినా "మావాడికి ఏమైనా చేస్తారా" అని అడిగే మనిషికి, "పొద్దున ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా స్నానం దగ్గర నోటిమాటతో గుర్తుచేసే మనిషి కావాలి" అని అడిగే మనిషికి ఎదుటివాళ్లిచ్చే జవాబులు వేరువేరుగా ఉంటాయి.

ఈ సర్వీసులన్నీ ఎవరో దయతలచి పెట్టినవి కావు. న్యూయార్క్‌లోని స్టాటెన్ ఐలండ్‌లో విల్లోబ్రూక్ అనే పెద్ద ప్రభుత్వ సంస్థ ఉండేది. 4,000 మందికని కట్టిన చోట 1960లలో 6,000 మందికి పైగా పిల్లల్నీ పెద్దల్నీ కుక్కారు. 1972లో టీవీ విలేకరి జెరాల్డో రివెరా కెమెరాతో లోపలికి వెళ్లి చూపించాక, బట్టల్లేకుండా మురికిలో పడి ఉన్న మనుషుల్ని దేశమంతా చూసింది. తల్లిదండ్రులు కోర్టుకెళ్లారు. 1975లో ఒప్పందం కుదిరి అక్కడివాళ్లను చిన్న చిన్న ఇళ్లకు మార్చడం మొదలైంది. 1987లో దాన్ని మూసేశారు. టీవీలో అది రావడానికి కొన్నేళ్ల ముందే స్వీడన్‌కు చెందిన బెంగ్ట్ నిర్యే ఒక మాట అడిగాడు: అందరికీ ఉన్నట్టే వీళ్లకూ రోజుకో లయ, వారానికో లయ, ఏడాదికో లయ ఎందుకుండకూడదు? పొద్దున లేచి ఒకచోటి నుంచి ఇంకోచోటికి పనికి వెళ్లడం, సాయంత్రం ఇంటికి రావడం, సెలవు రోజు వేరేగా గడవడం. 1969లో ఆయన రాసిన వ్యాసంలో ఇదే ముఖ్యమైన సంగతి. ఐక్యరాజ్య సమితి 2006లో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడికలోని 19వ అధికరణం దీన్నే హక్కుగా మార్చింది. ఎక్కడ, ఎవరితో ఉండాలో ఎంచుకునే హక్కు అందరితో సమానంగా వాళ్లకూ ఉందని, ఫలానా చోటే ఉండి తీరాలని బలవంతపెట్టకూడదని, సమాజంలో కలిసి బతకడానికి కావలసిన సాయం ఇంటి దగ్గరా బయటా అందాలని అందులో ఉంది. మీ ఉత్తరంలో నాన్నగారి మాట ఉంది, బంధువుల మాట ఉంది, అమ్మ కన్నీళ్లున్నాయి. మీ అన్నయ్య ఏమంటున్నారో లేదు. ఆయన్ను అడిగారా?

అడిగితే చెప్పలేరు అనకండి. "ఎక్కడుంటావు" అని అడిగితే చెప్పలేకపోవచ్చు, నాకైనా చెప్పడం కష్టమే. రెండు చోట్లకు తీసుకెళ్లి తిప్పండి, తిరిగొచ్చాక ఫోటోలు చూపించండి. ఏ ఫోటో చేతిలోకి తీసుకున్నారు, దేన్ని పక్కకు తోసేశారు, వెళ్లేటప్పుడు చెప్పులు ఎంత తొందరగా వేసుకున్నారు, వీటిలో జవాబు కనపడుతుంది.

ఇప్పుడు చొక్కా గుండీల దగ్గరికొద్దాం. నా లెక్కలో మీ ఇంట్లో మార్పు మొదలుకావలసింది అక్కడే. 32 ఏళ్ల మనిషికి తల్లి గుండీలు పెడుతోందంటే అది ప్రేమే. రోజూ పొద్దున ఆమెకు మిగిలే పది నిమిషాలూ అందులో ఉన్నాయి, ఆయన చేతులతో పెట్టిస్తే అరగంట పడుతుంది కదా. కానీ ఆ మోకాళ్లు పూర్తిగా మొరాయించిన రోజున ఆ పది నిమిషాల కోసం డబ్బిచ్చి మనిషిని పెట్టుకోవాలి, లేదా ఆ ఒక్క కారణంగా ఆయన మంచి చోటికి వెళ్లే అవకాశం పోతుంది. నేర్పించడానికి తేలిక దారి వెనక నుంచి మొదలుపెట్టడం. అమ్మ ఎప్పటిలాగే పైనుంచి గుండీలన్నీ పెట్టుకుంటూ రావాలి. చిట్టచివరి గుండీని సగం కాజాలోకి దూర్చి ఆగిపోవాలి. ఆయన దాన్ని అవతలి వైపు నుంచి లాగాలి. అంతే, ఆ పూటకు పాఠం అయిపోయింది. చొక్కా తొడుక్కోవడం ఆయన చేత్తోనే పూర్తయింది. అది అలవాటయ్యాక చివరి గుండీ మొత్తం ఆయనదే. తరవాత చివరి రెండు. ఇలా కింది నుంచి పైకి వెళ్తారు. ముందు నుంచి నేర్పిస్తే మొదటి గుండీ దగ్గరే చేతకాక విసుగొస్తుంది. వెనక నుంచి అయితే ప్రతిసారీ పని పూర్తి చేసిన చెయ్యి ఆయనదే అవుతుంది. గుండీలు కాస్త పెద్దవి, కాజాలు వదులుగా ఉన్నవి ఎంచుకోండి. బయటికి వెళ్లే తొందరలో నేర్పకండి.

పనిని ముక్కలుగా విడగొట్టి నేర్పే ఈ పద్ధతికి పేరు తెచ్చినవాళ్లలో అమెరికాకు చెందిన మార్క్ గోల్డ్ ఒకరు. 1970ల నాటికే, ఏమీ నేర్చుకోలేరని ముద్ర పడినవాళ్ల చేత ఆయన సైకిల్ బ్రేకుల విడిభాగాలు వరసగా బిగింపజేశాడు. నేర్చుకోలేదంటే నేర్పినవాడు ఇంకో దారి వెతకాలన్నది ఆయన పట్టుదల. ఇంట్లో ఎన్ని పనులు ఇలా ముక్కలు చేయొచ్చో చూడండి. ఉతికిన బట్టల్లోంచి తన బట్టలు వేరు చేసుకోవడం. మందుల డబ్బాలో ఇవాళ్టి గడి తెరవడం. బ్రిటన్‌లో జిమ్ మాన్సెల్ వంటివాళ్లు పెంచిన యాక్టివ్ సపోర్ట్ అనే పద్ధతిలో చెప్పేదీ ఇదే: కొంచెం కొంచెంగా, తరచుగా, రోజులో జరిగే ప్రతి పనిలోనూ ఆయనకో ముక్క ఇవ్వండి. మొత్తం పని రాకపోతే మొత్తం మనమే చేసేయాలని రూలేమీ లేదు.

తలుపుల సంగతి చెప్పాలి. రోజూ రాత్రి ఒక్కటీ వదలకుండా గడియలన్నీ లాగి చూసే మనిషి గురించి మీరు కాస్త విసుగ్గా రాశారు. నాకైతే అందులో మర్చిపోకుండా, వరస తప్పకుండా పని చేసే మనిషి కనిపించారు. సరిచూడటం, లెక్క ప్రకారం అమర్చడం, అన్నీ మూశామా అని తిరిగి చూడటం, ఇలాంటివి ప్రతి గోడౌన్‌లోనూ, లైబ్రరీలోనూ, ఆఫీసులోనూ ఉండే పనులే. సపోర్టెడ్ ఎంప్లాయ్‌మెంట్‌లో ముందు ఏళ్ల తరబడి శిక్షణ ఇచ్చి ఆ తరవాత ఉద్యోగం వెతకరు. ముందు ఆయనకు సరిపోయే పని వెతుకుతారు, ఆ పనిలోనే జాబ్ కోచ్ పక్కన ఉండి నేర్పుతాడు, మెల్లమెల్లగా తప్పుకుంటాడు. వారానికి కొద్ది గంటలైనా సరే. మీ అన్నయ్యకు 18 ఏళ్ల వయసు నుంచి ఇప్పటిదాకా సోమవారానికీ ఆదివారానికీ తేడా లేదు. ఆ విసుగులో కొంత దీనివల్ల కూడా అయ్యుండొచ్చని పైన అన్నది ఇందుకే. డే సెంటరు చూడ్డానికి వెళ్తే గోడ మీద టైమ్‌టేబుల్ చదివి ఊరుకోకండి. అరగంట కూర్చుని, ఎంతమంది చేతుల్లో నిజంగా పని ఉందో, ఎంతమంది ఊరికే కుర్చీలో ఉన్నారో చూడండి.

"మా తరవాత ఎవరు" అన్న నాన్నగారి మాటకు జవాబుగా ఒక్క పేరు చెప్పకండి, అది మీ పేరైనా సరే. ఒక్క మనిషి మీద నిలబెట్టిన ఏర్పాటు ఆ మనిషికి జ్వరమొస్తే కూలిపోతుంది. 1989లో కెనడాలోని వాంకూవర్‌లో కొందరు తల్లిదండ్రులు సరిగ్గా ఈ ప్రశ్నతోనే కూర్చుని ప్లాన్ అనే సంస్థను పెట్టుకున్నారు. మేం పోయాక మా బిడ్డను క్షేమంగా ఉంచేది ఏదని ఆలోచించి, బిల్డింగు కట్టడం కంటే ముందు ఒక్కొక్కరి చుట్టూ కొందరు మనుషుల్ని కూడగట్టడం మొదలుపెట్టారు. జీతానికి పనిచేసేవాళ్లు కాదు, ఇష్టంతో వచ్చేవాళ్లు. వాళ్లను కూడగట్టి, కలుపుతూ ఉండటానికి మాత్రం ఒక కోఆర్డినేటరు ఉంటారు. ఇంగ్లండ్‌లో 1990లో మొదలైన కీరింగ్ ఇంకో దారి పట్టింది. నడిచి వెళ్లగలిగేంత దూరంలో తలా ఒక ఇంట్లో ఉండే ఓ పదిమందిని ఒక నెట్‌వర్కుగా చేసి, అదే పేటలో ఒక వాలంటీరును ఉంచుతారు. కరెంటు బిల్లు అర్థం కాకపోతే వాలంటీరు చెబుతాడు. ఒకరికి ఒంట్లో బాగోకపోతే ఇంకొకరు వెళ్లి చూస్తారు. సాయం అందుకునేవాళ్లే సాయం చేసేవాళ్లు కూడా కావడం అందులో నాకు బాగా నచ్చిన విషయం.

మీకు సంస్థ లేకపోయినా మనుషులున్నారు. పాత స్కూలు టీచరు, పిన్ని కొడుకు, పక్కింటి కుర్రాడు, మీ స్నేహితురాలు. వాళ్లను "మా అన్నయ్యను చూసుకోండి" అని అడిగితే భయపడి తప్పుకుంటారు. "నెలకోసారి ఆయనతో నడకకు వెళ్తారా", "బ్యాంకు పనికి తోడొస్తారా" అని అడగండి. చిన్న పనికి ఒప్పుకున్నవాళ్లే తరవాత మీ మనుషులుగా మిగులుతారు.

తప్పించుకోలేని సంగతి ఇంకోటి. ఇలాంటి ఇళ్లలో చాలాచోట్ల ఆ మనిషి ఇల్లు వదిలి గడిపే మొదటి రాత్రి, తల్లి ఆస్పత్రిలో చేరిన రాత్రో, కన్నుమూసిన రాత్రో అవుతుంది. ఒకే రోజున అమ్మా పోతుంది, ఇల్లూ పోతుంది, మంచమూ పోతుంది, తన అలవాట్లు తెలిసినవాళ్లూ ఉండరు. ఆపైన వచ్చే ఏడుపునీ కోపాన్నీ చూసి మందులు రాస్తారు. ఇది జరగకుండా చూడటం మీ చేతిలోనే ఉంది, అదీ ఇప్పుడే. ముందు మీ ఇంట్లో ఒక్క రాత్రి. బాగా గడిస్తే ఇంకోసారి రెండు రాత్రులు. రెస్పైట్ సర్వీసు దొరికితే అక్కడా అలాగే, పగలు కొన్ని గంటలతో మొదలుపెట్టి. ఆయన దిండు, దుప్పటి తనతో వెళ్లాలి. రాత్రి గడియలు చూసే పని అక్కడ కూడా ఆయనదే అని ముందే చెప్పి ఉంచండి. అమ్మకు అది సెలవు అని చెప్పండి. ఆ రాత్రి ఆమె నిద్రపోకపోవచ్చు, పర్వాలేదు.

ఎవరైనా పోయినప్పుడు ఆయనకు సూటిగా చెప్పండి, "చనిపోయారు" అనే చెప్పండి. "ఊరెళ్లారు", "పడుకున్నారు" అని చెబితే ఆయన గుమ్మం వైపు చూస్తూ నెలల తరబడి ఎదురుచూస్తారు, లేదా పడుకోవడమంటేనే భయపడతారు. ఆఖరి చూపుకు దూరంగా ఉంచకండి. దుఃఖం అర్థం చేసుకునే తెలివి లేదని అందరూ అనుకుంటారు గానీ మనిషి లేని లోటు తెలియడానికి తెలివితో పనిలేదు.

హోమ్ వద్దని నేననడం లేదు. మంచి గ్రూప్ హోమ్ కొందరికి ఇంటికంటే హాయిగా ఉంటుంది, తన వయసువాళ్లతో స్నేహం దొరుకుతుంది. అమ్మ ఏడుస్తుందని ఆ దారి మూసేయకండి. చూడ్డానికి వెళ్లినప్పుడు మాత్రం ఆఫీసు గదిలో కూర్చోబెట్టి మాట్లాడేవాళ్లతో పని కానివ్వకండి. చెప్పకుండా సాయంత్రం పూట వెళ్లండి. పడకగదులకు గడియ లోపలి వైపు ఉందా, బయటి వైపా? స్టాఫ్ తలుపు తట్టి లోపలికి వెళ్తున్నారా? బట్టలు ఎవరివి వాళ్లకేనా, ఒకే బీరువాలోంచి తీసి అందరికీ తొడుగుతున్నారా? అందరూ ఒకే సమయానికి పడుకోవాల్సిందేనా? అక్కడుండేవాళ్లను పక్కన పెట్టుకునే "వీడు ఇలా, వాడు అలా" అని మాట్లాడుతున్నారా? పనిచేసేవాళ్లు ఎంతకాలంగా ఉంటున్నారో అడగండి. ఆర్నెల్లకోసారి అందరూ మారిపోయే చోట మీ అన్నయ్య సగం మాటలు అర్థం చేసుకునేవాళ్లు ఎప్పటికీ తయారు కారు. కుటుంబం ఎప్పుడైనా రావచ్చా అని అడగండి. "ముందే చెప్పి రావాలి, ఫలానా రోజే రావాలి" అంటే నేనైతే అక్కడితో లేచి వచ్చేస్తాను.

భద్రత గురించి కూడా ఒక మాట. ఏమన్నా "సరే" అనడం అలవాటైన మనిషిని మోసం చేయడం, వేధించడం తేలిక. ఏ చొక్కా వేసుకోవాలో కూడా ఎంచుకోనివ్వకుండా పెంచి, చెడ్డవాడు ఎదురైనప్పుడు వద్దని గట్టిగా అనాలంటే ఎలా అంటారు? ఇంట్లో రోజూ చిన్న చిన్న విషయాలకు "వద్దు" అననివ్వండి, అన్నప్పుడు వినండి. ఒంట్లో ఏ భాగాలు ఎవరూ ముట్టుకోకూడదో, డాక్టరు చూసేటప్పుడు తెలిసినవాళ్లు ఎవరు పక్కనుండాలో బొమ్మలతో చెప్పండి. 32 ఏళ్ల మనిషికి ఇవన్నీ అవసరమే.

ఆస్తి, గార్డియన్ విషయాలు ఎక్కడి చట్టం అక్కడిది కాబట్టి, వైకల్య చట్టాలు తెలిసిన లాయరునే కలవండి. రెండు జాగ్రత్తలు చెబుతాను. "చెల్లెలు చూసుకుంటుందిలే" అన్న నోటిమాట మీద ఆస్తి రాయించుకోకండి, ఆయన కోసం ఉన్న డబ్బు ఆయన కోసమే ఖర్చవుతుందని కాగితం మీద ఉండాలి. రెండోది, గార్డియన్ అవసరమైతే ఎంత అవసరమో అంత మేరకే తీసుకోండి. అన్ని నిర్ణయాలూ ఒకేసారి ఒకరి చేతికి పోయే ఏర్పాటు మామూలుగా ఎవరికీ మేలు చేయదు. పైన చెప్పిన ఒడంబడికలో 12వ అధికరణం కూడా నిర్ణయాలు లాక్కోవడం కంటే, నిర్ణయం తీసుకోవడానికి కావలసిన సాయం అందించాలనే చెబుతుంది.

అమ్మ దగ్గర "నీ తరవాత" అన్న మాట ఎత్తకండి. ఏడవక ఏం చేస్తుంది? "అన్నయ్య సంగతులన్నీ నాకు నేర్పించు" అని అడగండి, నోట్‌బుక్కు పట్టుకుని పక్కన కూర్చోండి. ఏ మాటకు ఏ అర్థం, దేనికి భయం, ఏ మందు పడదు, నిద్ర పట్టకపోతే ఏం చేయాలి, కోపం వచ్చేముందు మొహంలో ఏం మారుతుంది. ఇవన్నీ ఆమె తలలో ఉన్నాయి, ఇంకెక్కడా లేవు. రాసినదాంట్లోంచి ఒకే ఒక్క పేజీ విడిగా తీయండి: పేరు, మాట్లాడే తీరు, నొప్పి ఉంటే ఎలా తెలుస్తుంది, మందులు, ఎవరికి ఫోన్ చేయాలి. దాన్ని ఇంట్లో అందరికీ తెలిసిన చోట పెట్టండి. ఆస్పత్రికి వెళ్తే ముందు ఆ పేజీ వెళ్లాలి. పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడే మొదటిసారి వాడి చూడండి, ఏం రాయడం మర్చిపోయారో అక్కడ తెలుస్తుంది.

మీవారు ఔననీ కాదనీ అనడం లేదన్నారు. ఎలా అంటారు? ఆయన్ను ఒక మనిషి జీవితకాలానికి ఒప్పుకోమని అడుగుతున్నారు. పైన చెప్పిన పనుల కాగితం తయారయ్యాక ఆయన ముందు పెట్టండి. ఇందులో మనం ఏ గంటలు తీసుకోగలం, ఏవి తీసుకోలేం అని ఇద్దరూ కలిసి గీతలు పెట్టండి. మీవల్ల కాదనుకున్నవాటి దగ్గర మొహమాటం లేకుండా కాదనే రాయండి. అన్నయ్యకు చెల్లెలిగా ఉండటానికి మీకు కొంచెం ఓపిక మిగలాలి కదా. సర్వీసుల కోసం ఎవరి దగ్గరికి వెళ్లినా, మీరు కాదని రాసిన ఆ గంటలనే చూపించి అడగండి.